తెలియనివి వదిలేసిన పరీక్ష

ఇంటర్ రెండో సంవత్సరంలో నాకు అగ్రికల్చర్ బీఎస్సీ సీటు తప్ప ఇంకేదీ అక్కర్లేదు. దానికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు రావాలి. ఇప్పుడు ఆ పరీక్షకి పేరు మార్చారు గానీ మా ఊళ్లో ఎవరికీ కొత్త పేరు నోరు తిరగదు. ఎలా చదవాలో మాత్రం నాకు తెలియలేదు. చెప్పేవాళ్లు లేక కాదు, ఎక్కువై.

జువాలజీ మేడం పాఠ్యపుస్తకం వరుసగా చదవమనేవారు. ఫిజిక్స్ సార్ పుస్తకం మూసేసి పాత పేపర్లు చెయ్యమనేవారు. అంతకుముందు ఏడాది సీటు తెచ్చుకున్న సీనియర్ అక్క రోజుకొక్క సబ్జెక్టే పట్టుకోమంది. నిడదవోలు అత్తయ్య ఫోన్ చేసి గట్టిగా పైకి చదవమంటే, పక్కనే ఉన్న నాన్న మనసులో చదువుకుంటేనే నిలుస్తుందన్నాడు. అందరి మాటా విని గోడకి నాలుగు టైం టేబుళ్లు అంటించాను. ఒకటి పాటిస్తుంటే మిగతా మూడూ నన్ను తిడుతున్నట్టే ఉండేది.

మా అమ్మ ఆత్రేయపురంలో పూతరేకులు చేస్తుంది. సెలవుల్లో నేనూ పక్కన కూర్చుని వేడి కుండ మీద నుంచి రేకు తీసేదాన్ని. రేకు పూర్తిగా ఊడిందో లేదో తేలకముందే వేలు పెడితే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది.

"తెలీకపోతే చెయ్యి పెట్టకే. చిరిగిపోద్ది."

కాలేజీలో మాచేత నీట్ కూడా రాయించారు. అందులో తప్పు జవాబుకి మార్కు కోస్తారు. అందుకని ఫిజిక్స్ సార్‌ది ఏడాది పొడుగునా ఒకటే పాట: "డౌటుంటే ముట్టుకోవద్దమ్మా." ఇంతమంది చెప్పిన ఇన్ని మాటల్లో అమ్మ మాటా సార్ మాటా కలిసింది అక్కడొక్కచోటే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక దాన్నే పట్టుకుని వేలాడాను.

నీట్ అలాగే రాశాను. కొన్నాళ్లకి రాజమండ్రిలో ఎంసెట్. కంప్యూటర్ ముందు కూర్చుని తెలిసినవన్నీ పెట్టేశాను. ముప్పై ఎనిమిది ప్రశ్నలు మిగిలాయి, ఇరవై నిమిషాల టైమూ మిగిలింది. కొన్నింటిలో రెండు జవాబుల మధ్యే ఊగిసలాట. అయినా మౌస్ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎంత నిగ్రహమో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. నా మొహం!

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడితే, పరీక్ష రాసొచ్చిన ఒకమ్మాయి మాట కలిపింది.

"నాకు యాభై దాకా రాలేదండి. అన్నిటికీ మూడో ఆప్షనే కొట్టేశాను."

"తప్పయితే మార్కు పోదా?"

"అది నీట్‌కండి. దీనికెక్కడుంది?"

ఆ సంగతి స్క్రీన్ మీద మొదటి పేజీలో ఉండే ఉంటుంది, చదవకుండా టిక్ పెట్టి ముందుకెళ్లాను. సార్ కూడా ఎప్పుడో చెప్పే ఉంటారు. ఏది ఏ పరీక్షకి చెప్పారో నా బుర్రలో అంతా కలగాపులగం అయిపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ధవళేశ్వరం బ్యారేజీ దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఇంటికెళ్లేసరికి అమ్మ రేకులు మడుస్తోంది.

"ఎలా రాశావే?"

"తెలియనివి వదిలేశానమ్మా."

అమ్మ చెయ్యి ఆపి నా వైపు చూసింది. "మంచి పని చేశావు," అంది. ఆ మొహంలో సంతోషం చూసి నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

ర్యాంకు వచ్చింది గానీ సీటు రాలేదు. డిగ్రీలో బోటనీ తీసుకున్నాను. పూతరేకులు కొనడానికి వచ్చినవాళ్లు నా చదువు సంగతి అడిగితే అమ్మ ఇప్పటికీ గర్వంగానే చెబుతుంది: "మా అమ్మాయికి సీటు రాలేదు గానండి, తెలీనిది ఒక్కటీ రాయలేదు." ఆ పరీక్షలో తప్పు రాసినా మార్కు పోదని నేను ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.