ఆయుధపూజ టెంకాయ

ఆదోని పత్తి మిల్లులో కంప్యూటర్‌ను చెడగొట్టింది నేను కాదు. నేనేనని అందరి ముందూ అన్నారు. ఇన్నేళ్లయినా గంధం పూసిన టెంకాయ వాసన తగిలితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే రుక్మిణమ్మగారు గుర్తొచ్చి ఆ మంట చల్లారుతుంది.

ఎనభైల చివర్లో మా మిల్లుకు కంప్యూటర్ వచ్చినప్పుడు, దాన్ని నడపడానికి ఆమె ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నేను ఐదో తరగతితో బడి మాని, దుకాణాల బోర్డులు చూసి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. పత్తి బేళ్ల తూకాలు ఆమెకు చదివి వినిపించడం నా పని. నా చూపంతా కీబోర్డు మీదే ఉందని కనిపెట్టి, ఒకరోజు కుర్చీ నావైపు జరిపారు. “కూచోప్పా, అదేం కరవదు.”

“నడిపేది ఎవరైనా నేర్పిస్తారు. బిగుసుకపోయినప్పుడు బెదరకుండా ఉండేది నేర్సుకో. ముందు కంట్రోల్, బ్రేక్ కలిపి నొక్కు. పలకకుంటే ఫ్లాపీకాడ ఎర్రలైటు ఆరేదాకా ఆగు, అది ఎలిగినంతసేపు రాస్తా ఉంటాది. ఆపైన కంట్రోల్, ఆల్ట్, డిలీట్, మూడూ ఒక్కసారే. కరెంటు మాత్రం తీయొద్దు” అనేవారు.

ఆ ఏడు ఆయుధపూజకు మేనేజరుగారు మిషన్ ఆపనివ్వలేదు. “తెర దీపం మాదిరి ఎలుగుతా ఉండాల” అన్నారు. అప్పటికి మిషన్ ముందు కుర్చీ నాదే. నేను తూకాలను ఫ్లాపీకి ఎక్కిస్తుండగానే ఆయన వచ్చి కీబోర్డుకు బొట్లు పెట్టి, దాని నడిమధ్య ఇంత లావు టెంకాయ ఉంచారు. దాని బరువుకు మీటలు నొక్కుకుపోయి మిషన్ కీచుకీచుమని కూతలు పెట్టింది. తెర బిగుసుకుపోయింది.

“బడి సదవనోని సేతికిస్తే ఇట్లే ఐతాది! రేపట్నుంచి గోదాములో బస్తాలు మోసుకో పో!” అని మేనేజరుగారు అందరి ముందూ అరిచారు.

“సార్, టెంకాయ తీయండి సార్.”

“పూజలో పెట్టింది రేపు పొద్దున దాకా ముట్టగూడదు. నీ తప్పు దేవునిమీదికి తోస్తాండావా?”

ఆయన చెయ్యి స్విచ్చి మీదికి పోతోంది. ఆ ఫ్లాపీ పాడైతే సీజన్ తూకాలన్నీ పోతాయి. వాటితోపాటు నా కుర్చీ కూడా.

అంతలో ప్రసాదాలు పంచి వచ్చిన రుక్మిణమ్మగారు టెంకాయను తీసి కళ్లకద్దుకొని ఆయన ముందు చాపారు. “ప్రసాదం సార్. రెండు చేతుల్తో పట్టుకోండి.”

రెండు చేతులూ నిండాక ఆయన స్విచ్చి ఎట్లా ముడతాడు!

కూతలు ఆగాయి కానీ తెర కదల్లేదు. కుర్చీలో ఆమె కూర్చోలేదు. “నొక్కప్పా” అన్నారు నాతో. కంట్రోల్, బ్రేక్ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మేనేజరుగారు టెంకాయతో అవస్థ పడుతున్నారు. “ఆరనీ” అన్నారామె, బస్సు కోసం నిలబడినంత తీరిగ్గా. లైటు ఆరింది. మూడు వేళ్లూ ఒక్కసారే నొక్కాను. తెర నల్లబడి, మెల్లగా అక్షరాలు పట్టింది. ఫ్లాపీ తెరిచి చూస్తే తూకాలన్నీ ఉన్నాయి.

గోదాము మాట మళ్లీ రాలేదు. పొరపాటైందన్న మాట కూడా ఆయన నోట రాలేదు, అదే నా కోపం. ఇప్పటికీ మనిషి బిగుసుకున్నా, పని బిగుసుకున్నా, ఎర్రలైటు ఆరేదాకా ఆగుతాను. కోపం మాత్రం ఆగదు.

ఆమె ఉద్యోగం మానేశాక ఒకసారి ఎమ్మిగనూరులో వాళ్లింటికి పోయి అడిగాను. “అంత గండంలో మీరే నొక్కకుండా నాచేత ఎందుకు నొక్కించినారమ్మా? తప్పిపోయింటే?”

ఆమె నవ్వి, కాఫీ లోటా నా ముందు పెట్టారు.

“నేను నొక్కింటే మిషన్ బాగయ్యేదిలేప్పా. నీ మీద పడిన మాట యాడికి పోయేది?”