తెగాల్సిన పిన్ను

ఏలూరులో లేతు మిషను పెట్టిన ఇరవై ఆరేళ్ళలో శంషుద్దీన్ చేసిన సామాను నాసిరకమని ఒక్కరూ అనలేదు. 2008 వేసవిలో అన్నారు. అదీ ఒక బొమ్మబండి విషయంలో.

బొమ్మ అంటే వెంకట్రాజు ఒప్పుకోడు. భీమడోలు దగ్గర నలభై ఎకరాల చేపల చెరువులున్న ఆయన చెన్నై నుంచి రిమోట్‌తో నడిచే మాన్‌స్టర్ ట్రక్కు తెప్పించుకున్నాడు. మూరెడు బండికి కొబ్బరికాయలంత చక్రాలు. చేపలు పట్టేశాక ఎండగట్టిన చెరువులో, పక్క చెరువుల అబ్బాయిరాజు బండితో దానికి పందెం. వారానికోసారి ఏదో ఒకటి విరిగేది. విసిగిపోయి, ఓ కేటలాగు పట్టుకుని శంషుద్దీన్ దగ్గరికి వచ్చాడు. అందులో నీలిరంగు అల్యూమినియం భాగాలు తళతళ మెరుస్తున్నాయి. అన్నీ మార్చేద్దామన్నాడు.

శంషుద్దీన్ బండి విప్పి గంటసేపు చూశాడు. చక్రాలను మోసే నైలాను కడ్డీలు దెబ్బ తగిలితే వంగి మళ్ళీ లేస్తాయి, అల్యూమినియంవి వంగితే వంగినట్టే ఉండిపోతాయి, వాటి జోలికి పోవద్దన్నాడు. కొల్లేటి మట్టి పిండిలా లోపలికి దూరుతుంది కాబట్టి రబ్బరు మూతలున్న బేరింగులు తెప్పించుకోమన్నాడు. ఇరుసునూ గేరునూ మాత్రం ఉక్కుతో తనే చేశాడు. ఆ రెంటినీ కలిపే పిన్ను కావాలనే మెత్తటి ఇత్తడితో చేశాడు. చక్రం ఎక్కడన్నా ఇరుక్కుంటే ముందు తెగాల్సింది అదే. ఇంకో అరడజను పిన్నులు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"ఇది తెగుతుందండి. తెగడానికే పెట్టాను. దీని బదులు గట్టిది మాత్రం వెయ్యకండి," అని రెండుసార్లు చెప్పాడు.

చెప్పడానికి కారణం ఉంది. ట్రాక్టరు వెనక తిరుగుతూ మట్టిని చీల్చే రోటవేటరుకు అలాంటి బోల్టే ఒకటి ఉంటుంది. అది మాటిమాటికీ తెగుతోందని రైతు విసుక్కుని గట్టి బోల్టు బిగిస్తాడు. మడిలో మొద్దు తగలగానే గేరుబాక్సు పగులుతుంది. అప్పుడు మెకానిక్కును తిడతాడు. జనపనార మిల్లులో ఫిట్టరైన తండ్రి వెంట పద్నాలుగో ఏట పనిలోకి దిగిన శంషుద్దీన్, ఆ తిట్లు వింటూనే అలాంటి గేరుబాక్సులు వందల కొద్దీ బాగుచేశాడు.

మూడు వారాలకు కబురు తెలిసింది. పదిమంది ముందు వెంకట్రాజు బండి పందెం మధ్యలో ఆగిపోయింది. సాయిబు చేసిన గేరు పెంకులా పగిలిందని ఆయన ఊరంతా చెప్పాడు. ముదినేపల్లి తాతారావుకూ చెప్పాడు. ఏటా తొలకరికి ముందు మరమ్మతుకు ఎనిమిది రోటవేటర్లు శంషుద్దీన్ షాపుకే తోలే తాతారావు, ఈసారి నాలుగింటిని తాడేపల్లిగూడెం పంపేశాడు. మిగతా నాలుగూ రేపో మాపో వెళ్ళేలా ఉన్నాయి. అవి కూడా పోతే ఈ సీజను పోయినట్టే. ఈ సీజను పోతే మిగతా రైతులూ దారి మళ్ళుతారు.

పెద్దవాళ్ళతో మనకెందుకని భార్య అజీజున్నీసా ఆపబోయింది. పని చెడగొట్టి ఉంటే తలవంచుకుని ఊరుకునేవాణ్ణి, చెడగొట్టనిదానికి ఎందుకు వంచాలని అతను ఎదురడిగాడు. ఇంకో గేరు, పనిముట్లు సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

చెరువు గట్టున వెంకట్రాజు కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. శంషుద్దీన్ కూర్చోలేదు. అబ్బాయిరాజుతో సహా అందరూ చూస్తుండగా బండి విప్పాడు. ఇత్తడి పిన్ను ఉండాల్సిన చోట కేటలాగు సామాను తాలూకు ఉక్కు పిన్ను మెరుస్తూ ఉంది.

"ఇది ఎవరు వేశారండీ?"

"మీది రెండ్రోజులకోటి తెగిపోతుందండి. పందెంలో ఆగిపోతే నామర్దా కాదుటండీ?"

శంషుద్దీన్ ముఖం ఎర్రబడింది. మాట మాత్రం పెంచలేదు. కొత్త గేరు బిగించి, ఇత్తడి పిన్ను పెట్టి, బండిని గట్టు రాయికేసి నడపమన్నాడు. చక్రం రాయికీ గట్టుకీ మధ్య ఇరుక్కుంది, టిక్కుమని పిన్ను తెగింది. గేరుకు గీత కూడా పడలేదు. అయిదు నిమిషాల్లో ఆ ఉక్కు పిన్ను పెట్టి, మళ్ళీ అక్కడికే నడపమన్నాడు.

"వద్దులెండి, పాడైపోద్ది," అన్నాడు వెంకట్రాజు.

"నా పేరు పాడైనప్పుడు వద్దనలేదు కదండీ. నడపండి."

నడిపాడు. గేరు పళ్ళు విరిగి పొడిమట్టిలో పడ్డాయి.

"ఒరే వెంకట్రాజూ, అయితే నన్ను గెలిపించింది నీ ఉక్కు పిన్నేనన్నమాట," అన్నాడు అబ్బాయిరాజు. ఎవరూ నవ్వు ఆపుకోలేదు, శంషుద్దీన్ తప్ప.

వెంకట్రాజు తగ్గాడు. మనసులో పెట్టుకోవద్దనీ, ఇంకో గేరు చేసిపెట్టమనీ అడిగాడు. మనసు సంగతి తర్వాత, ముందు తాతారావుకు ఫోను చేయమన్నాడు శంషుద్దీన్. సాయంత్రం చేస్తానంటే కుదరదన్నాడు. స్పీకరు పెట్టించాడు. గట్టి పిన్ను తనే వేశాననీ, గేరు పగలడానికి అదే కారణమనీ వెంకట్రాజు నీళ్ళు నములుతూ చెప్పాడు.

"నేనప్పుడే అనుకున్నానండి, సాయిబుగారి పని అలా ఉండదని," అంది అవతలి గొంతు.

శంషుద్దీన్ ఫోను దగ్గరికి వంగాడు. "అనుకున్నవారు మరి గూడెం ఎందుకు పంపారండీ? నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?"

మిగిలిన నాలుగూ రేపు పొద్దున్నే పంపిస్తానన్నాడు తాతారావు.

"మరి నా గేరో?" అన్నాడు వెంకట్రాజు ఫోను పెట్టేస్తూ.

శంషుద్దీన్ పనిముట్లు తుడిచి సంచిలో సర్దుకున్నాడు. "రోటవేటర్లు అయ్యాక చూద్దామండి," అని బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.