బకెట్లో ఇటుక

పచ్చి బురద వాసన కిటికీలోంచి ఇంట్లోకి కొడుతోంది. తెనాలిలో మా ఇంటి పక్కనున్న మురుగుగుంటను పాత గోడల ముక్కలూ మట్టీ పోసి పూడుస్తున్నారు. దానిమీద ఐదంతస్తులు లేపుతారట. నిన్న పొద్దున అక్కడికొచ్చిన లారీని ఒంటిచేత్తో ఆపేశాను. ఈ వయసులో నాకింత తెగింపు ఉందంటే అది రత్నమణిగారి చలవ.

ఆవిడ రేపల్లె ఆడపడుచు, బాపట్లలో ఇంజినీరు. నేను ఆవిడ కింద ప్లాన్లు గీసేవాణ్ణి. ఆదివారం చర్చిలో మెత్తగా పాడిన గొంతే సోమవారం సైటులో కంకర నమిలేది. ఒకసారి రేపల్లెలో ఒక ఆసామి, పూడ్చిన రొయ్యల చెరువు మీద మేడ కడతానన్నాడు. ఇనుము ఎంతైనా వేయిస్తానని ధీమా. ఆవిడ వాదించలేదు. బకెట్లో ఇసుక పోయించి, నీళ్ళతో తడిపి, పైన ఇటుకను నిలువుగా నిలబెట్టించారు. ఇటుక కదలలేదు. అప్పుడు బకెట్ పక్కన సుత్తితో టకటకా కొట్టారు. ఇసుకలోంచి నీరు పైకి ఉబికింది. ఇటుక ఒరిగి కూరుకుపోయింది.

"ఇటుక విరిగిందా బాబాయిగారూ?" అని అడిగారు.

"లేదమ్మా."

"మీ మేడా విరగదండి. భూమి ఊగిన రోజున ఇలాగే పడుకుంటుంది."

ఆ ఆసామి విన్నాడు. బాపట్లలో ఇంకొకాయన వినలేదు. ఈశాన్యం మూల బరువుండకూడదని వాస్తు చెప్పిందట, అక్కడి స్తంభం తీసెయ్యమన్నాడు. కింద అంతా కార్లకే, ఒక్క గోడ లేదు. కుర్చీకి ఓ కాలు తీసేసి కూర్చుని చూపించమంటూ ఆవిడ ఆ ప్లానును అతని ముందే చింపేశారు. చింపింది నేనేనని చాలాకాలం చెప్పుకు తిరిగాను. నిజానికి ఆ వేళ నేను అతనిచ్చిన సోడా తాగుతున్నాను.

అతను ఇంకొకరి చేత సంతకం పెట్టించుకుని, ఆ మూల స్తంభం లేకుండానే కట్టేశాడు. అందులో ఇప్పటికీ పిల్లాపాపలతో జనం ఉంటున్నారు. బస్సులో అటు వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. భూమి ఇంకా ఊగలేదు గనక అతను తెలివైనవాడు, ఆవిడ నోటి దురుసు మనిషి. చివరిదాకా ఊరు ఆవిడను అలాగే అంది.

ఆవిడ పోయాక ఆ సుత్తిని నేను తెచ్చుకున్నాను. ఈ పక్కన లేవబోయే అపార్టుమెంటులో మా చెల్లెలు సుజాత ఫ్లాటు తీసుకుంటానంటే, నిన్న తడి ఇసుక బకెట్టూ ఇటుకా సుత్తీ పట్టుకుని వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడ్డాను. కాబట్టి ఒంటిచేత్తో అన్నది కాస్త సాగదీసిన మాటే, రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. గేటు దగ్గర నిలబడ్డ సుజాతకు కనబడేలా సుత్తితో కొట్టాను. ఇటుక ఒరిగింది, లారీ ఆగింది, చెల్లెలు ఫ్లాటు మానుకుంది.

ఇంతవరకూ రాసి సుజాతకు చదివి వినిపించాను. మొహం చిట్లించింది.

"లారీని నువ్వు ఆపలేదన్నయ్యా. వాళ్ళు పోసిన మట్టిలోనే దాని వెనక టైర్లు దిగబడ్డాయి. అది చూసి మానుకున్నాను నేను, నీ బకెట్ చూసి కాదు. ఫ్లాటు కొనడానికొచ్చే వాళ్ళందరి ముందూ రోజూ లారీ దిగబడదుగా. ఆ రాతలు పక్కన పెట్టి, ముందు పోయి ఆ కొనేవాళ్ళకి ఈ నేల సంగతి చెప్పు."