నేను ఎల్లని రావికమతం

దెయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు జొరం సూడండి అనీదాన్ని. మా ఆయన పోయిన మంచం మీదే ఇన్నాళ్ళూ పడుకుంటన్నాను, ఒక్కనాడూ భయమెయ్యలేదు. ఇప్పుడు సెప్పేది కూడా దెయ్యమనట్లేదు. ఏటనాలో తెలీక సెప్తన్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను సెప్తుంటే మా కోడలు రాస్తోంది.

మాది నర్సీపట్నం. మిషనోళ్ళ కాలం నించీ సర్చికెళ్ళే కుటుంబం. మా సర్చిలో ఒక కట్టుంది, ఇంకెక్కడా నేను సూడలేదు. జబ్బు తగ్గినోళ్ళు ఆదివారం లేచి సాక్ష్యం సెప్పినప్పుడు, దేవుడి పేరుతోపాటు మింగిన మందు పేరు కూడా సెప్పాలి.

ఇది ఇంగ్లండు రాణీగారి కాలం నాటిదని మా ఆయన సెప్పీవోడు. అప్పుడిక్కడ ఇద్దరు దొరలుండీవోరంట. ఒకాయన పాదిరి, ఒకాయన డాక్టరు. మన్నెం జొరంతో, అదే మలేరియాతో, జనం పోతంటే, ప్రార్థనే తగ్గిస్తదని ఒకరు, కాదు కొయినా మందే తగ్గిస్తదని ఇంకొకరు సంతలో అందరి ముందూ వాదించుకున్నారంట. ఆళ్ళ దేశంలో కూడా అప్పుడు పెద్ద పెద్ద సభల్లో ఇదే గొడవంట. సంతకొచ్చినోళ్ళు బేరాలొగ్గీసి కోడిపందెం సూసినట్టు సూశారని నవ్వీవోడు. ఆఖరికి దొరలిద్దరూ అలిసిపోయి, రెండూ సెప్పండి, ఇన్నోళ్ళే తేల్చుకుంటారు అన్నారంట. అప్పటి లగాయితు అదే కట్టు.

నాకు టీబీ వచ్చింది. గవర్నమెంటు ఆసుపత్రి మాత్రలు కోర్సంతా మింగాను. మా సర్చి అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన కూడా చేశారు. తగ్గింది. సాక్ష్యానికి లేచాను. అందులో మందు పేరు సెప్తే జబ్బు పేరు సెప్పినట్టే కదా. ఇంక నా పక్కన బల్ల మీద ఎవరు కూకుంటారు? మా మనవరాల్ని ఎవరు ఇంట్లోకి రానిస్తారు? "నా దగ్గు తగ్గించింది దేవుడే, ఇంకేటీ లేదు" అనీసి కూకున్నాను. అయ్యగారు కాసేపు నా ఏపే సూశారు. అందరిలో అడిగితే బాగోదనుకున్నారేమో, అడగలేదు.

బయటికొచ్చాక దీనమ్మ నన్ను పక్కకి లాగింది. రావికమతంలో కాపరం, ఇద్దరు పసిపిల్లలు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్లకి మా సర్చికొస్తది.

"అక్కా, నాకూ అదే దగ్గు. ఆసుపత్రోళ్ళు టీబీ అన్నారు. మా అత్త కంచం వేరే పెట్టీసింది. ఆ మాత్రలు మింగితే కడుపులో తిప్పేస్తంది. నీకు దేవుడే తగ్గించాడు కదా, నాకూ తగ్గిస్తాడు. ఒగ్గీత్తానక్కా అవి."

నిజం నోటిదాకా వచ్చింది. మా ఎనకాలే నలుగురు ఆడోళ్ళు చెప్పులేసుకుంటన్నారు. "ప్రార్థన చేసుకో అమ్మా" అన్నాను. అంతే అన్నాను.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా ఆయన కూడా అదే జబ్బుతో పోయాడు, కాస్త నెమ్మదించిందని మాత్రలు సగంలో మానీసి. ఏటవుతదో నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? దీనమ్మకి ఫోను చేశాను, రింగవ్వకుండానే కట్ చేశాను. మర్నాడు బస్టాండుకెళ్ళాను. రావికమతం బస్సు ఎదురుగా ఆగింది. ఎక్కలేదు. ఎనక్కొచ్చీశాను. ఇంక గుమ్మం దాటలేదు. ఆ వారంలో గురువారమైతే పొద్దుటేల నించీ సందేళ దాకా మా కోడలూ నేనూ అరుగు మీదే జీడిపిక్కలు ఒలుసుకుంటా కూకున్నాం.

మళ్ళీ ప్రభు బల్ల ఆదివారం వచ్చింది. దీనమ్మకి కనపడకూడదని ఆఖరి బల్ల మీద కూకున్నాను. అది నన్నే ఎతుక్కుంటా వచ్చింది, ఎనకాల వాళ్ళత్తగారు. పిల్ల మొహం తేటపడింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ గురువారం నువ్వు రాకపోతే మాత్రలు పెంటలో పారేసీదాన్నక్కా."

అదే సెప్పుకుపోయింది. మిట్టమజ్జాన్నం ఎండలో వచ్చి గుమ్మం కాడ నిలబడ్డానంట. కూకోమన్నా కూకోలేదంట. నాదీ టీబీయే, మాత్రలే తగ్గించాయి, అన్నాళ్ళు మింగే ఓపిక మాత్రం ప్రార్థనే ఇచ్చింది అని వాళ్ళత్త ముందే సెప్పానంట. మా ఆయన ఎలా పోయాడో సెప్పానంట. ఎవరి కంటా పడకుండా మాత్రలు ఖాళీ ఆవకాయ జాడీలో దాసుకున్నానని కూడా సెప్పానంట.

జాడీ సంగతి నాకూ మా కోడలికీ తప్ప ఎవరికీ తెలీదు. కోడలు ఏ దేవుడి మీద ఒట్టెయ్యమన్నా ఏస్తది, తను ఎవరికీ సెప్పలేదు. ఇక్కడ రాయడం ఆపీసింది. "ఆ గురువారం అత్తమ్మ నా పక్కనే ఉంది, ఇది నా మాటగా రాస్తాను" అంది. రాసుకోమన్నాను.

వాళ్ళత్తగారు నా దగ్గరకొచ్చారు. కంచాలు కలిపీసాం అమ్మా అన్నారు. "ఆరోజు మంచినీళ్ళు కూడా ముట్టకుండా బేగి ఎల్లిపోనారు. ఈసారి మా ఇంట్లో అన్నం తిని ఎల్లాలి. మీ అంత ధైర్యం ఎవరికుంటదండీ."

నేను రాలేదండీ అనాలి. అంటే ఆ పిల్ల మళ్ళీ మాత్రలు మానీస్తే?

"అలాగేనండీ, వస్తాను" అన్నాను.

దీనమ్మ కోర్సు అయిపోయిందని మొన్న కబురొచ్చింది. అందుకే ఇప్పుడు సెప్తన్నాను. ఆ గుమ్మం కాడ నిలబడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. ప్రార్థనంటే ఇదేనా, మనిషి మనసు అలా ఎల్లగలదా, సదువుకున్నోళ్ళు మీరే సెప్పాలి. వాళ్ళు ఇంకా భోజనానికి పిలుస్తానే ఉన్నారు. వాళ్ళ ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు తెలీదు. అడుగుదామంటే నోరు రాదు.