రెండుసార్లు స్పృహ తప్పిన కాపలావాడు

ఆ రోజుల్లో అమెరికాలో ఎమ్మెస్ చదివినవాళ్ళం ఎంత కష్టపడ్డామో ఇప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పేటప్పుడు, గిన్నెలు కడిగామనీ, మంచు తవ్వామనీ, బస్సు లేక మూడు మైళ్ళు నడిచామనీ ఏకరువు పెడతాం. నా కష్టం మాత్రం అంత గౌరవంగా చెప్పుకునేది కాదు. నేను ఫ్రెంచి ఒపేరాలో పాడాను. (‘పాడాను’ అన్న మాట మీద మా ఆవిడకి అభ్యంతరం ఉంది. ఆవిడ వీడియో చూసింది.) కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసే కాలం అది. మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో ఒక యూనివర్సిటీలో మెకానికల్ చదువుతున్నాను. ఎఫ్-వన్ వీసా మీద వచ్చినవాడు క్యాంపస్ గడప దాటి పనిచేయకూడదు. క్యాంపస్‌లో ఉన్న ఖాళీలన్నీ మా సీనియర్లూ, వాళ్ళ రూమ్మేట్లూ, ఆ రూమ్మేట్ల బావమరుదులూ నింపేశారు. నెలన్నర చెప్పులరిగేలా తిరిగితే, చివరికి థియేటర్ డిపార్ట్‌మెంట్‌లో అట్టగోడలకి రంగులు వేసే పని దొరికింది. అది పోతే ఇంకోటి లేదు, ఆ సంగతి నాకూ తెలుసు, నన్ను పనిలో పెట్టుకున్న మేడమ్‌కీ తెలుసు.

ఆవిడ జుట్టుముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది కాబట్టి నా లెక్కలో ఆవిడ పెన్సిల్ మేడమ్. ఆ ఏడాది ఆవిడ వేయిస్తున్నది, ఎప్పుడో నూటయాభై ఏళ్ళ కింద పారిస్‌లో ఆడిన ఒక హాస్య సంగీత నాటకం. దాన్ని ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. ఊరి మేయరు కూతుర్ని ఒక సిపాయి ప్రేమిస్తాడు, పాలవాడి వేషంలో ఇంట్లో దూరతాడు, మేయరుకి అనుమానం రాదు. ఒక మీసం అంటిస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేని లోకం అది. మనకి కొత్తేమీ కాదు. అందులో రాత్రి గస్తీ తిరిగే కాపలావాడొకడున్నాడు. వాడు ఎనిమిది లైన్ల పాట పాడగానే మేడ మీంచి పూలకుండీ నెత్తిన పడుతుంది, స్పృహ తప్పుతుంది, ఇక అంకం అయ్యేదాకా అక్కడే పడి ఉంటాడు. ఆ వేషం వేయాల్సిన కుర్రాడు చదువు మానేసి వెళ్ళిపోయాడు. అదే రోజు నేను నిచ్చెన మీద నిలబడి, కింద ఉన్నవాణ్ణి నీలం డబ్బా అందివ్వమని కేకేశాను. మేడమ్ చివరి వరసలో కూర్చుని ఉంది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదంది. నా కళాజీవితం అలా మొదలైంది.

రిహార్సల్స్‌లో నా అతి మొదటివారంలోనే బయటపడింది. మీసం తిప్పాను, ఒక రాగం కలిపాను, పడేటప్పుడు ‘అమ్మా’ అని తెలుగులో మూలిగాను. మేడమ్ స్టాప్‌వాచీ పట్టుకుని మెల్లిగా చెప్పింది: రాసి ఉన్నదానికి ఒక్క అక్షరం కలిపినా, ఒక్క నిమిషం ఎక్కువ తీసుకున్నా, వేషం పీకేయడమే కాదు, రంగుడబ్బాల దగ్గరికి కూడా రానివ్వనని. నేను తల ఊపాను. (మనం ఊపే ఊపు అవునో కాదో ఆవిడకి చివరిదాకా అర్థం కాలేదు.)

శుక్రవారం మొదటి ఆటకి పక్క ఊరు ట్రాయ్ నుంచి, నేను అన్నా అని పిలిచే మా తెనాలి ఆయన సకుటుంబంగా వచ్చాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు, ఆదివారాలు నాకు అన్నం పెట్టే పుణ్యాత్ముడు. వెంట వాళ్ళ నాన్నగారు, ఆరు నెలలకని కొడుకు దగ్గరికి వచ్చినాయన. నేను బాబాయిగారూ అనేవాణ్ణి. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు గానీ ఆయన అసలు బతుకంతా పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించడంలో గడిచింది. మంకీ క్యాపూ, కోటూ, మెడచుట్టూ మఫ్లరూ వేసుకుని మూడో వరసలో కూర్చున్నారు. నా వంతొచ్చేసరికి భయం పట్టుకుంది. ఎలా పాడానో గుర్తులేదు. కుండీ పడింది (థర్మోకోల్‌దే), నేనూ పడ్డాను. వాయిద్యాలు హీరోయిన్ పాట ఎత్తుకున్నాయి. అప్పుడు మూడో వరసలోంచి, పది ఊళ్ళ జనం నిండిన పందిట్లో వినపడేంత గొంతుతో ఒక కేక:

“వన్స్‌మోర్!”

మన నాటకాలు చూడనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మన స్టేజీ మీద ఆ కేక వినపడితే, బాణం దెబ్బకి చచ్చిన రాజైనా సరే లేచి, పంచె దులుపుకుని, పద్యం మొదట్నుంచీ పాడి మళ్ళీ చావాల్సిందే. లేవకపోతే అడిగినవాణ్ణి అవమానించినట్టు. చిన్నప్పుడు అలా ఎంతమంది లేవగా చూశానో. అందుకే నేను ఆలోచించలేదు. లేచాను. నోరు తెరిచి నిలబడ్డ హీరోయిన్‌కి ఒక నమస్కారం పెట్టి, ఎనిమిది లైన్లూ మళ్ళీ ఎత్తుకున్నాను. ఆర్కెస్ట్రా నడిపించే ఆయన కర్ర గాల్లోనే ఆగిపోయింది. నాలుగో లైన్ దగ్గర ఫ్లూట్ అమ్మాయి జాలిపడి అందుకుంది, మిగతావాళ్ళూ కలిశారు. పాటైతే అయింది గాని, మళ్ళీ పడడానికి పైన రెండో కుండీ లేదు. నాకు అప్పుడు తట్టింది ఒక్కటే. ముందు పడ్డ కుండీని వెతికి తెచ్చుకుని, నా నెత్తిన నేనే కొట్టుకుని, పాత చోటే చూసుకుని పడిపోయాను.

హాలు హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నేను మాత్రం కళ్ళు మూసుకుని, మర్నాడు ఎవరి కాళ్ళు పట్టుకుంటే పని దొరుకుతుందా అని లెక్కలు వేసుకుంటూ ఇరవై నిమిషాలు పడి ఉన్నాను.

ఆట అయ్యాక మేడమ్ పిలిచింది. వెళ్ళాను. ఆవిడ నవ్వుతోంది. నాటకం మొత్తంలో జనం అంతగా నవ్వింది అక్కడేనట, రేపు కూడా ఉంచుదామంది. మీ అంకుల్‌కి ముందు వరసలో టికెట్ ఇస్తాను, అదే చోట అదే కేక వేయమను అంది. రెండో కుండీ కూడా చేయించింది. నాకు ఆ పూట కాలు నేలమీద ఆనలేదు. బాబాయిగారితో చెప్తే, “చూద్దాంలే” అన్నారు. ఆ మాటలో ఉన్నది నాకప్పుడు బోధపడలేదు.

శనివారం నా అంత నటుడు భూమ్మీద లేడనుకుంటూ దిగాను. మీసం తిప్పాను. లైనుకో సంగతి వేశాను. కుండీ పడింది, పడ్డాను. వాయిద్యాలు ఆగాయి. కర్ర గాల్లో ఉంది. కేక లేదు. ఒక కన్ను తెరిచి చూశాను. ముందు వరసలో బాబాయిగారు చేతులు కట్టుకుని, బీరువాకి తాళం వేసినట్టు నోరు మూసుకుని కూర్చున్నారు. ఎవరో దగ్గారు. ఇంకా ఆగితే ప్రాణం పోయేలా ఉండి, ఎవరూ అడక్కుండానే లేచి మళ్ళీ పాడాను. ఈసారి నవ్వింది ఒక్క చంటిపిల్ల, అదీ వేరే దేన్నో చూసి.

మేడమ్ జుట్టులోంచి పెన్సిల్ తీసి స్క్రిప్టులో నిన్న చేర్చిన ఆ ముక్క కొట్టేసింది. రేపు రాసింది రాసినట్టు ఆడాలి, రేపు గనక లేచావంటే సోమవారం నుంచి రానక్కర్లేదు అంది. తప్పు ఆవిడది కాదు. నా కోపమంతా బాబాయిగారి మీద.

ఆదివారం పొద్దున్నే ట్రాయ్ వెళ్ళి, వదిన పెట్టిన ఉప్మా కూడా ముట్టకుండా అడిగేశాను, నా పరువు ఎందుకు తీశారని. ఆయన తాపీగా కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు.

“మొన్న భయపడతా పాడావురా అబ్బాయ్, బావుంది, అడిగాను. నిన్న లేవడం కోసం పాడావు. అట్టాంటిదానికి నేనెట్టా అడుగుతాను?”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన కుర్చీ లాగి కూర్చోమన్నారు. పాటకి అర్థం చెప్పమన్నారు. కాపలావాడు ఊరందరికీ ధైర్యం చెప్తూ తిరుగుతుంటాడు, కానీ వాడికే చీకటంటే భయం, ఇంట్లో భార్య తలుపేసుకుని పడుకుంది, తీయదు అని చెప్పాను. “మరి వాడు వణికిపోతుంటే నువ్వు మీసం తిప్పుతావేంటి?” అన్నారు. డైనింగ్ టేబుల్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాకుండానే, ఆ ఎనిమిది లైన్లూ నా చేత రెండు గంటలు పాడించారు. ఎక్కడ గొంతు ఆగాలో, ఎక్కడ గుటక మింగాలో చెప్పారు. ఉప్మా చల్లారిపోయింది, అదే తిన్నాను.

మధ్యాహ్నం ఆట. నేను పెద్దగా ఏమీ చేయలేదు. చీకటంటే భయపడేవాడొకడు ధైర్యం నటిస్తూ పాడాడు, అంతే. ఏడో లైన్ దగ్గర హాల్లో చప్పుడు లేదు. ఎనిమిదో లైన్‌కి చిన్నగా నవ్వు, జాలితో కలిసిన నవ్వు. కుండీ పడింది. పడ్డాను. మూడో వరసలోంచి వచ్చింది కేక. మళ్ళీ వచ్చింది. వెనకాల ఎవరో అమెరికన్లు కూడా అందుకున్నారు. వాయిద్యాలు తడబడి ఆగాయి. కర్ర పట్టుకున్నాయన నావైపే చూస్తున్నట్టు రెప్పల సందులోంచి కనపడుతోంది. ఇంకోవైపు తెర పక్కన మేడమ్, చేతిలో స్టాప్‌వాచీ.

నేను లేవలేదు. కుక్కినపేనులా పడి ఉన్నాను. కాసేపటికి హీరోయిన్ పాట మొదలైంది.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో బాబాయిగారు మఫ్లరు బిగించుకున్నారు. తర్వాత, “లేస్తావనుకున్నాను” అన్నారు. లేస్తే పని పోతుంది బాబాయిగారూ అన్నాను. “అదీ నిజమేలే” అని, హీటర్ కాస్త పెంచమని కొడుక్కి చెప్పారు. పని పోలేదు. డిగ్రీ చేతికొచ్చేదాకా ఆ థియేటర్ గోడలకి నేనే రంగులు వేశాను.

ఆ ఆదివారం వీడియో ఇంట్లో ఎక్కడో ఉంది, అప్పుడప్పుడు పెట్టుకుంటాను. నేల మీద బోర్లాపడి, చచ్చినా కదలకుండా ఉన్న ఆ బక్క కుర్రాణ్ణి చూసి, ఎంత బుద్ధిమంతుడివో అంటుంది మా ఆవిడ. నిజమే, బుద్ధిమంతుడే. వాడి మూలంగానే ఈ ఇల్లూ, ఈ ఉద్యోగమూ. అయినా ఆ కేక వినపడే చోటికి వచ్చేసరికి, టీవీలోకి చెయ్యి పెట్టి వాడి డొక్కలో ఒక్క పోటు పొడవాలనిపిస్తుంది, నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను, లేవరా అని.