ఒక్కపొద్దు నాటి గోలి

వడ్డేపల్లి మండలంలో షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, కాగితం మీది ప్రశ్నలు అడిగి రాసుకురావడం నా పని. పోయిన వారం ఎన్ని రోజులు గోలి వేసుకున్నారు, ఎంతసేపు నడిచారు, ఎన్ని పూటలు అన్నం తిన్నారు. పొద్దంతా సీడు పత్తి చేలో నిలబడి పూలకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసే ఆడవాళ్లు తమకు వ్యాయామమే లేదంటే, అదేం మాటమ్మా అని గద్దించి మరీ రాసేదాన్ని. ఎవరు ఏం దాస్తున్నారో మొహం చూసి పట్టేస్తానని కాస్త పొగరు కూడా ఉండేది.

మా అమ్మ కాగితం మాత్రం అడక్కుండానే నింపేశాను. ఒకే ఇంట్లో ఉంటాం, ఆమె గురించి నాకు తెలియనిదేముంది? గోలి వేసుకున్న రోజులు అన్నచోట ఏడు అని రాశాను.

మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్షలో, ఏడు లోపు ఉండాల్సింది అమ్మకు పది దాటింది. డాక్టరమ్మ కాగితం చూసి, రోజూ వేసుకుంటున్నా తగ్గలేదంటే మందు చాలడం లేదని డోసు పెంచింది. నాకు భయం పట్టుకుంది. మా పెద్దమ్మకు కాలు తీసేసింది ఈ జబ్బుతోనే. మర్నాటి నుంచి పొద్దున్నే గోలి అమ్మ చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను.

రెండో రోజు శనివారం. అమ్మకు ఒక్కపొద్దు, సాయంత్రం దాకా ఏమీ తినదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి అది నాకు లెక్కలోకే రాలేదు. "తర్వాత మింగుతలే" అంది. "నా ముందే మింగు" అని కసిరాను. మింగింది.

పదకొండింటికి నేను పని మీద ఉండగా పక్కింటి అక్క ఫోన్ చేసింది. "మీ అమ్మకు చెమటలు పడుతున్నయ్, మాట మంచిగ వస్తలేదు. జల్ది రా."

బండి మీద ఎలా వచ్చానో నాకే తెలియదు. అమ్మ గోడకు ఆనుకుని వణుకుతోంది. సంచిలోని మిషనుతో చూస్తే షుగర్ నలభై ఎనిమిదికి పడిపోయింది. ఆమెకు అందకూడదని చక్కెర డబ్బా దాచింది నేనే, ఇప్పుడది నాకే దొరకలేదు. దొరికాక నీళ్లలో కలిపి నోటి దగ్గర పెడితే తల పక్కకు తిప్పింది.

"ఒక్కపొద్దున్న కదనే."

"తాగమ్మా, నీ కాళ్లు మొక్కుత."

తాగింది. పావుగంటకు చూపు నిలబడింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, ఏడుపుతో పాటు కోపం. "ఉపాసముండి ఎట్ల మింగినవ్? నాకు చెప్పొద్దా?"

"తిన్నంకనే మింగాలని డాక్టరమ్మనే చెప్పె. అందుకే ఒక్కపొద్దు దినాలు ఎన్నడు మింగలే. ఇయ్యాల నువ్వే నెత్తి మీద నిలబడితివి."

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే వెంటనే ఏదైనా తినిపించమంది, పాత డోసే వేయమంది, కాగితం సరిచేసి తెమ్మంది. అమ్మకు జొన్నరొట్టె తినిపించాను. తర్వాత ఊళ్లో వాళ్ల ముందు కూర్చున్నట్టే ఆమె ముందు చాప మీద కూర్చున్నాను.

"డోసు పెంచకముందు, వారంల ఎన్ని దినాలు గోలి మింగుతుంటివి?"

ఒక్కపొద్దుండే సోమవారం, గురువారం, శనివారం వేళ్ల మీద తీసేసింది. "నాలుగు."

ఏడు కొట్టేసి నాలుగు వేశాను. అమ్మ ఆ కాగితాన్నే చూస్తోంది.

"ఊర్ల అందర్ని గిట్లనే కూసోని అడుగుతవా?"

"ఆ."

"మరి నన్నెందుకు అడగకపోతివి బిడ్డా?"