మూల గది నేల

మా మనవడు నూజివీడులో పాత ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టాడు. ఇప్పుడు పాతదనానికి గిరాకీ కదా, చెక్కుడు స్తంభాలు అలాగే ఉండాలట, బాత్రూములు మాత్రం కొత్తవి కావాలట. మొన్న ఫోన్ చేసి, "మామ్మా, ఆ రోజుల్లోనే ఇంటి అందం చెడకుండా ఎంత బాగా చేయించారు! మూల గదిలో సిమెంటు పగిలిపోయింది. దాని కింద ముందు ఏముండేది?" అని అడిగాడు. మట్టి నేల అన్నాను. వెంటనే ఫోన్ పెట్టేశాను.

స్వరాజ్యం వచ్చిన ఏడాదే నేను బెజవాడ నుంచి ఆ ఇంటికి కాపురానికి వచ్చాను. మామగారిది మామిడికాయల వ్యాపారం, విస్సన్నపేట దారిలో తోటలు గుత్తకు తీసుకునేవారు. ఆ ఇంట్లోనే మామగారి వదినగారు ఉండేవారు, నాకు పెద్దత్తగారు. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయారు. ఆవిడకు తనదంటూ ఉన్నది ఆ మూల గది, దాని తాళంచెవి. మట్టి నేల మీద వరిగడ్డి పరిచి కాయలు మాగవేసేవారు. రోజూ చేత్తో తడిమి, తొడిమ దగ్గర వాసన చూసి, ఇవి ఎల్లుండికి, ఇవి ఆదివారానికి అని వేరుచేసేవారు. బంధువుల ఇంటికి బుట్ట పంపితే, వాళ్ళ గుమ్మంలో దిగిన రోజుకే పండు తయారుగా ఉండేది. మా గోడ గడియారం రోజుకు పావుగంట వెనకబడేది గానీ ఆవిడ లెక్క తప్పేది కాదు. ఊళ్ళో తలపండిన వ్యాపారులు సైతం వీధి అరుగు మీద కూర్చుని, కాయ లోపలికి పంపి, ఆవిడ మాట కోసం కాచుకునేవారు.

నేను వచ్చిన మరుసటి ఏడు చలికాలంలో ఇల్లు బాగుచేయించడం తలపెట్టారు. స్తంభాలనూ సింహద్వారాన్నీ మామగారు కదపనివ్వలేదు. నాటు పెంకు తీసి మంగుళూరు పెంకు వేయించారు. నేల సంగతి మాత్రం నన్నడిగారు, బెజవాడ పిల్లననీ, నాలుగక్షరాలు చదువుకున్నాననీ. ఇల్లంతా సిమెంటే అన్నాను. సిమెంటుకు పర్మిట్ కావాల్సిన రోజులవి, అయినా ఎలాగో తెప్పించారు. పెద్దత్తగారు ఒక్కటే అడిగారు. "ఆ మూల గదొక్కటీ అట్టా వదిలెయ్యమ్మా. కాయకి మట్టి ఉండాలి." మట్టి నేలైతే తేళ్ళొస్తాయండీ అన్నాను. ఆ గదిలో నేను తేలును చూసింది లేదు. బెజవాడ నుంచి వచ్చే మా పిన్ని కంట పేడతో అలికిన గది పడుతుందని, అదీ నా బెంగ.

వేసవిలో మావాళ్ళను భోజనాలకు పిలిచాం. ముందు రోజు పెద్దత్తగారు గదిలోంచి వచ్చి, "గడ్డి అడుగున చెమ్మగా ఉందేంటమ్మా?" అన్నారు. సిమెంటు చల్లగా ఉంటుంది కదండీ, అందుకే అలా అనిపిస్తోంది అని కొట్టిపారేశాను. మర్నాడు పళ్ళ కోసం వెళ్ళి గడ్డి కింద చెయ్యి పెడితే వేళ్ళు తడిసిపోయాయి. కాయల నుంచి దిగి, మట్టి పీల్చుకోవాల్సిన చెమ్మంతా సిమెంటు మీద నిలిచిపోయింది. అది తెలిసి కూడా, పైకి నదురుగా ఉన్న రసాలు ఏరి పట్టుకొచ్చాను. విస్తళ్ళలో పిండుకుంటే నల్లటి రసం, పులిసిన వాసన. మా పిన్ని పండును విస్తరి చివరకు నెట్టేసింది. మామగారు నవ్వుతూనే, "వదినగారూ, ఈ ఏడు మీ చెయ్యి తప్పినట్టుందే!" అన్నారు. గుమ్మం పక్కన నిలబడ్డ ఆవిడ తన వేళ్ళ వంక చూసుకున్నారు. "పెద్దదాన్నైపోయాను గదయ్యా" అన్నారు. నేను పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. తప్పు నేలది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ అంతకు ముందే ఆ నేలను మా పిన్ని తెగ మెచ్చుకుని ఉంది. సిగ్గులేకుండా, పెరుగు వడ్డించుకుంటూ పక్క విస్తరికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టారు. "ఇహ నువ్వే చూసుకో తల్లీ. నా చేతికి తెలీడం లేదు." నేను వద్దనలేదు. కాయ తీసుకుని అరుగు మీదకు వచ్చినవాళ్ళను కూడా అదే మాట చెప్పి పంపేసేవారు. కొన్నాళ్ళకు వాళ్ళు రావడం మానేశారు. మరుసటి వేసవికి నేను సిమెంటు మీద ఇటుకలు పేర్చి, వెదురు తడికలు వేయించి, వాటి మీద గడ్డి పరిపించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. పళ్ళు బ్రహ్మాండంగా మాగాయి, ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకున్నారు. పెద్దత్తగారు కూడా ఒక పండు తిని, "నీ చెయ్యి మంచిదమ్మా" అన్నారు, మనసులో ఏ కల్మషమూ లేకుండా. చెంప మీద కొట్టినా అంత తలదించుకునేదాన్ని కాదు. అయినా నోరు విప్పలేదు.

నిన్న మనవడికి మళ్ళీ ఫోన్ చేసి, ఆ గదిలో సిమెంటు తవ్వించి మట్టి నేల వేయించమన్నాను. "తేళ్ళు రావా మామ్మా?" అని నవ్వాడు. "రావు. ఆ గదిలో ఎప్పుడూ రాలేదు" అన్నాను. ఆ భోజనాల తర్వాత పెద్దత్తగారు బతికున్న నాలుగు వేసవులూ నా ఎదురుగా కూర్చుని నేను మాగవేసిన పళ్ళే తిన్నారు. నిజం చెప్పడానికి అరనిమిషం చాలేది. ఇన్నేళ్ళు గడిచాయి గానీ, ఆ అరనిమిషం మాత్రం నాకు గడవడం లేదు.